పెద్దప్రేగు క్యాన్సరు: నొప్పి రాకమునుపే పరీక్ష

తెలుగువారి నుడికారమున "కడుపు" అను మాటకున్న గౌరవము మరియొక అవయవమునకు లేదనవచ్చును. కడుపు చల్లగా ఉండవలెనని దీవింతుము. తప్పు చేసినవానిని కడుపులో పెట్టుకొందుము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖమును కడుపుకోత అందుము. ఇతరుల మేలు ఓర్వలేనివానిది కడుపుమంట అందుము. కాని అదే కడుపు క్రిందిభాగమును గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు మన భాష ముఖము చాటువేయును. పండితులు "బహిర్భూమి" అందురు, మర్యాదస్థులు "కాలకృత్యములు" అందురు, పల్లెలలో "చెంబు పట్టుకొని పోయినాడు" అని సరిపెట్టుదురు. ఉర్దూ మాటలాడు ఇండ్లలో "హాజత్", అనగా అవసరము, అని మాత్రమే చెప్పి ఊరకుందురు. మర్యాదకొరకు పుట్టిన ఈ మాటలను మేము తప్పుపట్టుట లేదు. భాషాబోధకులముగా వాటి సొగసును ఎరుగుదుము. అయితే ఈ మర్యాద చాటున ఒక వ్యాధి సంవత్సరముల తరబడి దాగి పెరుగుచుండును. దానిని గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయవలెనని మాకు తోచినది.

"కడుపు చించుకొంటే కాళ్ళమీద పడును" అని మన సామెత. ఇంటి గుట్టు బయటపెట్టుకొన్నచో నష్టము తనకేయని దాని భావము. యాప్రాల్‌లో మాకు తెలిసిన ఒక కుటుంబము ఈ సామెతను అక్షరాల పాటించినది. ఇంటి పెద్ద లేతు మిషనుపై పనిచేయువారు. వారి కుమారుడు మా విద్యార్థి. ఒకనాడు జుమా నమాజు తరువాత మసీదు మెట్లవద్ద చెప్పులు వేసికొనుచు ఆయన మాతో మెల్లగా, "మాస్టర్ సాబ్, బవాసీర్ పట్టుకున్నది, రక్తము పడుతున్నది" అన్నారు. బవాసీర్ అనగా మొలలు. మేము భాష చెప్పువారమేగాని వైద్యము తెలిసినవారము కాము. అయినను చదువుకొన్నవారికి తెలియనిది ఉండదను భ్రమ ఆయనకును ఉన్నది, మాకును ఉన్నది. ఇసబ్‌గోల్ త్రాగుడని, పచ్చిమిరపకాయలు తగ్గించుడని చెప్పి మేము ఇంటికి వచ్చినాము.

తరువాత ఆయన "ఆపరేషను లేకుండ మొలలు మాయము" అని బోర్డు కట్టిన ఒక క్లినిక్కుకు పోయినారు. అచ్చట సూదులు వేసినారు, పూతమందు ఇచ్చినారు. కొన్నాళ్ళు రక్తము కనబడలేదు. తరువాత నీరసము వచ్చినది. రక్తము తక్కువగా ఉన్నదని ఎవరో ఇనుము మాత్రలు వ్రాసినారు. ఒకనాడు విరేచనము బిగిసిపోవుట, మరునాడు నీళ్ళవలె పోవుట సాగినది. ఈ సంగతి ఆయన భార్యకు తెలియదు, కుమారునికి తెలియదు. ఇట్లు పదునాలుగు నెలలు గడచినవి. ఒక రాత్రి పొట్ట ఉబ్బి, వాయువు కూడ పోక, వాంతులు పట్టుకొన్నవి. ఆసుపత్రికి తీసికొనిపోగా ప్రేగు పూర్తిగా మూసికొనిపోయినదని చెప్పి తెల్లవారకముందే శస్త్రచికిత్స చేసినారు. ఎడమవైపు పెద్దప్రేగులో క్యాన్సరు. అప్పటికే కాలేయమునకు ప్రాకియున్నది. ఆయన వయస్సు 49 సంవత్సరములు. పొట్టపై అమర్చిన సంచిని శాలువ క్రింద దాచుకొని ఏడు నెలలు జీవించినారు. పరామర్శకు వచ్చినవారితో ఇంటివారు "కడుపులో గడ్డ" అని మాత్రమే చెప్పినారు.

నలుబదవ దినము ఫాతెహా అయిన తరువాత ఆ బాలుడు మా గదికి వచ్చి, "సార్, అబ్బాకు ఏమైనదని నేను అందరికి ఏమి చెప్పవలెను?" అని అడిగినాడు. ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయినాము. ఆ తరువాత వైద్యులను అడిగియు, గ్రంథములు చదివియు తెలిసికొన్న విషయములే ఈ వ్యాసము.

మొదట అవయవమును పరిచయము చేసికొందము. పెద్దప్రేగు సుమారు అయిదడుగుల పొడవుగల గొట్టము. కుడివైపు పొత్తికడుపు దగ్గర మొదలై పైకిలేచి, కడుపునకు అడ్డముగా సాగి, ఎడమవైపు దిగి, పురీషనాళమందు ముగియును. చిన్నప్రేగునుండి పలుచగా వచ్చిన పదార్థములోని నీటిని పీల్చి దానిని గట్టిపరచుట దీని ముఖ్యమైన పని. యవనభాషలో దీనికి "కోలన్" అని పేరు. ఆ మాటయే అరబ్బీలోనికి వచ్చి, తీవ్రమైన ప్రేగునొప్పికి "ఖూలంజ్" అను పేరయినది. యూనానీ వైద్యమునకు మూలస్తంభమైన ఇబ్నె సీనా ఈ ఖూలంజ్‌ను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసినాడు. 1037లో అదే బాధతో హమదాన్‌లో మరణించినాడని ఆయన శిష్యుడు వ్రాసి ఉంచినాడు. ఆయనది క్యాన్సరేయని చెప్పుట మా ఉద్దేశము కాదు. వేయి సంవత్సరముల క్రిందట అంతటి మహావైద్యునికి కూడ తన ప్రేగులో ఏమున్నదో చూచుకొను సాధనము లేకుండెను అని మాత్రమే మనవి చేయుచున్నాము.

మన హకీములు "కబ్జ్ సర్వరోగములకు తల్లి" అందురు. మలబద్ధకము వలననే క్యాన్సరు వచ్చునని దీనినిబట్టి కొందరు భయపడుదురు. అది సరియైన భయము కాదు. సహజముగా మలబద్ధకము ఉన్నవారు కోట్లకొలది ఉన్నారు. నలుబది, ఏబది ఏండ్లు ఒక తీరున ఉన్న అలవాటు కారణము లేకుండ మారి, ఆ మార్పు వారములకొలది నిలిచియుండుటయే గమనింపదగినది.

ఇక వ్యాధి ఎట్లు పుట్టునో చూతము. ప్రేగు లోపలి పొర కొన్ని దినములకు ఒకసారి పాతకణములను విడిచి క్రొత్తకణములను తెచ్చుకొనుచుండును. వ్రాయసకాడు ప్రతిమీద ప్రతి వ్రాయుచుండగా ఎక్కడనో అక్షరదోషము దొరలినట్లు, ఈ కణములలోను దోషములు దొరలును. దోషము కుదిరినచోట పెసరగింజంత కండ లేచును. దీనిని పాలిప్పు అందురు. పాలిప్పులన్నియు చెడ్డవి కావు. వాటిలో అడినోమా అను జాతివి కొన్ని మెల్లగా పెరిగి, దోషమునకు దోషము కూడి క్యాన్సరుగా మారును. పెసరగింజ దశనుండి క్యాన్సరు దశకు సాధారణముగా పదేండ్లు, కొన్ని సమయములలో అంతకంటె ఎక్కువ కాలము పట్టును. ఇంత గడువునిచ్చు క్యాన్సరులు తక్కువ. అనేక క్యాన్సరుల విషయములో ముందు పరీక్ష వలన వ్యాధిని చిన్నదిగా ఉన్నప్పుడు కనుగొందురు. ఇక్కడనో, పాలిప్పును తీసివేసినచో దానినుండి రావలసిన వ్యాధి అసలు రాకుండనే పోవును.

మరియొక విషయము మమ్ము చాల ఆశ్చర్యపరచినది. ప్రేగు లోపలి పొరకు కోతనొప్పి తెలియదట. ఉబ్బినప్పుడును, లాగబడినప్పుడును ప్రేగు బాధపడును. కాని లోపలి పొరపై లేచిన పాలిప్పును కత్తిరించినను రోగికి ఆ కోత తెలియదు. "నొప్పి లేదుగదా, డాక్టరు వద్దకు ఎందుకు?" అని మన ఇండ్లలో పెద్దలు అడుగుచుందురు. నొప్పి ఈ వ్యాధిలో చివర వచ్చు అతిథి. పైన చెప్పిన పెద్దమనిషికి మొదటి పదునాలుగు నెలలలో కడుపునొప్పి రానేలేదు.

నొప్పి లేకున్నను గుర్తులు ఉండవచ్చును. ఎడమవైపు ప్రేగు ఇరుకు గనుక అచ్చటి గడ్డ దారిని మూసి విరేచనపు తీరును మార్చును. రక్తము కంటికి కనబడును. కుడివైపు ప్రేగు వెడల్పు. అచ్చట గడ్డ పెద్దదైనను దారి మూయదు. రక్తము కొంచెము కొంచెముగా మలములో కలిసిపోయి కంటికి కనబడదు. మనిషి మాత్రము పాలిపోవును, మెట్లెక్కిన ఆయాసపడును. కావున పురుషులలోను, ముట్లుడిగిన స్త్రీలలోను ఇనుము లోపించిన రక్తహీనత కనబడినచో, ఆ రక్తము ఎచ్చటికి పోవుచున్నదను ప్రశ్నకు జవాబు దొరకవలెను. మాత్రలతో రక్తము పెరిగినను ఆ ప్రశ్న తీరదు. మొలలు ఉన్నవారికి క్యాన్సరు రాకూడదను నియమము ఏదియు లేదు. రెండును ఒకరికే ఉండవచ్చును. నలుబది దాటినవారు మొదటిసారి రక్తము చూచినప్పుడు "మొలలే" అని తమంతట తాము తీర్పు చెప్పుకొనరాదు. మేము చెప్పిన ఇసబ్‌గోల్ తీర్పు అటువంటిదే.

గుర్తులు కనబడినవారిని పరీక్షించుట ఒకటి. ఏ గుర్తును లేనివారిని పరీక్షించుట వేరొకటి. రెండవదానిని ఆంగ్లమున స్క్రీనింగ్ అందురు. మన భాషలో "జల్లెడ పట్టుట" అన్న సరిపోవునని మా అభిప్రాయము. వందమందిని జల్లెడలో పోసినచో తొంబదిమందికి పైగా క్రిందికి దిగిపోవుదురు, కొందరు నిలుతురు. నిలిచినవన్నియు రాళ్ళు కావు. కాని రాయి ఉన్నచో అందులోనే ఉండుటకు అవకాశము ఎక్కువ గనుక వారిని చేతితో ఏరి చూడవలెను.

ఇందుకు వాడు జల్లెడ చాల సులభమైనది. ఫిట్ అను మలపరీక్షలో చిన్న గొట్టము, దానిలో ఒక పుల్ల ఇత్తురు. పుల్లను మలమునకు తాకించి తిరిగి గొట్టములో పెట్టి మూత బిగించి ప్రయోగశాలకు ఇయ్యవలెను. కంటికి కనబడని రక్తమును కూడ అది పట్టుకొనును. మనుష్యరక్తమును మాత్రమే గుర్తించును గనుక ముందునాడు తిన్న మాంసము వలన పొరపాటు రాదు. పాతకాలపు మలపరీక్షలో ఈ చిక్కు ఉండెను. అయినను ఆ పాత పరీక్షయే గొప్ప మేలు చేసినది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున 50 నుండి 80 ఏండ్ల వయస్సు గలవారిని 46,000 మందికి పైగా తీసికొని పదమూడేండ్లు గమనించినారు. ఏటేట మలపరీక్ష చేయించుకొన్నవారిలో ఈ వ్యాధి మరణములు మూడవవంతు తగ్గినవని 1993లో ప్రకటించినారు. జపాను దేశము 1992 నుండి నలుబదేండ్లు దాటినవారికి ఏటేట మలపరీక్ష జరుపుచున్నది. ఇంగ్లండులో ఈ గొట్టము తపాలాలో ఇంటికే వచ్చును. అమెరికా నివారక వైద్యసేవల నిపుణసంఘము 2021లో పరీక్ష మొదలిడు వయస్సును 50 నుండి 45కు తగ్గించినది. చిన్నవయస్సువారిలో వ్యాధి పెరుగుచుండుటయే దానికి కారణము.

మలపరీక్షలో రక్తము కనబడినచో కొలనోస్కోపీ చేయవలెను. వ్రేలి లావున, వంగు స్వభావము గల గొట్టమును మలద్వారముగుండ పంపి ప్రేగునంతయు కెమెరాతో చూచుట ఇది. కాంతిని వంగిన దారిలో నడపవచ్చునని 1954లో మన పంజాబుకు చెందిన నరీందర్ సింగ్ కపానీ, తన ఆచార్యుడైన హాప్కిన్సుతో కలిసి లండనులో నిరూపించినాడు. 1969లో న్యూయార్కులో హిరోమి షిన్యా, విలియం ఉల్ఫ్ అను వైద్యులు ఈ గొట్టముద్వారా తీగ ఉచ్చును పంపి, పొట్ట కోయకుండనే పాలిప్పును తీసివేసినారు. సూక్ష్మముగా చూచుటవలన లోకమునకు మేలు కలుగుట మన సికింద్రాబాదునకు తెలియని కథ కాదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపుగోడను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి మలేరియా క్రిమిని కనుగొన్నాడు. యాప్రాల్‌నుండి కొన్ని మైళ్ళలోనే ఉన్న ఆ భవనమును మన విద్యార్థులలో ఎందరు చూచినారో!

కొలనోస్కోపీని గూర్చి లేనిపోని భయములు ఉన్నవి. పరీక్షకు ముందునాడు పలుచని ద్రవములు మాత్రమే తీసికొని, విరేచనపు మందు కలిపిన నీటిని రెండు లీటర్లవరకు త్రాగి ప్రేగును శుభ్రపరచుకొనవలెను. చేయించుకొన్నవారు చెప్పుదురు, కష్టమంతయు ఈ నీళ్ళు త్రాగుటలోనే ఉన్నదని. రంజానులో నెల దినములు ఉపవాసముండువారికి ఒకపూట పస్తు కష్టము కాదు. అయితే ఇక్కడ నీళ్ళు త్రాగవలెను గనుక ఉపవాసదినములలో ఈ పరీక్ష పెట్టుకొనరాదు. పరీక్ష సమయమున మత్తు ఇత్తురు. సాధారణముగా అరగంటలో ముగియును. ప్రేగుకు రంధ్రము పడుట, రక్తస్రావము వంటి ప్రమాదములు లేకపోలేదు గాని అవి చాల అరుదు. ఏ దోషమును లేదని తేలినచో, కుటుంబములో వ్యాధి లేనివారికి పదేండ్లవరకు మరల అవసరముండదు.

వ్యాధి ఏ దశలో దొరకినదను దానినిబట్టి బ్రతుకు మారును. అమెరికా లెక్కలలో, ప్రేగుగోడ దాటకముందే దొరకినవారిలో నూటికి 90 మంది అయిదేండ్లు దాటి జీవించుచున్నారు. దూరపు అవయవములకు ప్రాకిన తరువాత ఆ సంఖ్య సుమారు 15 మాత్రమే. 1985 జూలైలో అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రేగనుకు కొలనోస్కోపీలో పెద్ద పాలిప్పు కనబడినది. మరునాడే శస్త్రచికిత్స చేసి ప్రేగులో కొంతభాగము తీసివేసినారు. అందులో క్యాన్సరు ఉన్నదని తేలినది. అప్పుడాయనకు 74 ఏండ్లు. అధ్యక్షపదవి పూర్తిచేసి, 2004లో 93వ యేట మరణించినాడు. ఆయనకు లభించిన వైద్యము యాప్రాల్‌లోని లేతుపనివానికి లభించునా యని విద్యార్థులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబుగా మన నగరము సంగతి కొంత చెప్పవలసియున్నది.

హైదరాబాదులో రెడ్ హిల్స్ వద్ద 1955లో వెలసిన క్యాన్సరు ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ పేరు మోయుచున్నది. హైదరాబాదు రాష్ట్రమున మంత్రిగాను, తరువాత గుజరాతునకు మొదటి గవర్నరుగాను పనిచేసిన ఆ పెద్దమనిషి పేరు ఎం.ఎన్.జె. అను మూడు పొడి అక్షరములలో కరగిపోయినది. మన విద్యార్థులు ఆ పూర్తి పేరును తెలిసికొనవలెనని మా కోరిక. అది నేడు రాష్ట్రప్రభుత్వపు ఆసుపత్రి. బంజారాహిల్సులో నందమూరి తారకరామారావు సతీమణి బసవతారకము పేర 2000లో మరియొక క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము పేదల క్యాన్సరు చికిత్సకు ఆధారమైనది. మందుల సంగతికి వచ్చినచో తెలుగువారు గర్వింపదగిన విషయమున్నది. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో తన సహచరులతో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినాడు. దాని రూపాంతరమైన ల్యూకోవోరిన్‌ను నేటికిని పెద్దప్రేగు క్యాన్సరు చికిత్సలో ముఖ్యమైన మందుకు తోడుగా ఎక్కించుచున్నారు.

చికిత్సకు ఇంత ఏర్పాటున్నది. ముందుగా వెదకుటకు అంతటి ఏర్పాటు లేదు. కేంద్రప్రభుత్వపు కార్యక్రమమున ముప్పది దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సరులకు పరీక్షలున్నవి, పెద్దప్రేగునకు లేదు. ఇది అలక్ష్యమే యని మేము అనజాలము. పాశ్చాత్య దేశములలో కంటె మన దేశమున ఈ వ్యాధి చాల తక్కువ. అందరికి కొలనోస్కోపీ చేయుటకు వైద్యులు చాలరు, ధనము చాలదు. అయితే నగరములలో ఇది పెరుగుచున్నదనియు, మన రోగులలో చిన్నవయస్సువారు ఎక్కువగా కనబడుచున్నారనియు, వారు ఆలస్యముగా వచ్చుచున్నారనియు వైద్యులు చెప్పుచున్నారు. కావున మన స్థితికి తగిన వివేకము ఇది యని మాకు తోచుచున్నది: గుర్తులున్నవారు ఏ వయస్సువారైనను ఆలస్యము చేయరాదు, కుటుంబములో వ్యాధి ఉన్నవారు గుర్తులకొరకు చూడరాదు, తక్కినవారు 45 దాటిన తరువాత ఏటికొకసారి మలపరీక్షను గూర్చి తమ వైద్యుని అడుగవలెను. దాని ఖర్చు కొన్ని వందల రూపాయలకు మించదు. పెండ్లి విందులలో మనము పారవేయు బిర్యానీ ఖర్చు దీనికంటె ఎక్కువ!

బిర్యానీ ప్రసక్తి వచ్చినది గనుక ఆహారము సంగతి రెండు మాటలలో ముగింతుము. నిలువయుంచిన సాసేజి, సలామీ వంటి మాంసము ఈ క్యాన్సరును కలిగించునని 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన సంఘము నిర్ధారించినది. ఎఱ్ఱమాంసమును అనుమానితముల పట్టికలో చేర్చినది. పొగాకు, మద్యము, స్థూలకాయము, కూర్చుండి కాలము గడపుట ప్రమాదమును పెంచును. జొన్నరొట్టె, ఆకుకూరలు, పప్పుధాన్యములు మేలుచేయును. బక్రీదునాటి మాంసము మానుడని మేము చెప్పబోము. కాని జొన్నరొట్టె తినువానికి పరీక్ష అవసరము లేదను మాట కూడ నిజము కాదు.

కుటుంబము విషయము మరికొంత వివరముగా చెప్పవలెను. 1895లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున వార్థిన్ అను వైద్యునితో ఒక కుట్టుపనిచేయు స్త్రీ, "మా ఇంటివారందరు ప్రేగు లేక గర్భసంచి క్యాన్సరుతోనే పోయినారు, నేనును అట్లే పోవుదును" అని చెప్పినదట. ఆమె అట్లే మరణించినది. వార్థిన్ ఆ వంశవృక్షమును వ్రాసికొని 1913లో ప్రకటించినాడు. 1960లలో హెన్రీ లించ్ అను వైద్యుడు అటువంటి కుటుంబములను వెదకి, ఇది వంశపారంపర్యముగా వచ్చు లోపమని స్థాపించినాడు. తలిదండ్రులలో ఒకరికి ఈ లోపమున్నచో ప్రతి బిడ్డకు సగము పాలు అవకాశము కలదు. అందరి క్యాన్సరులు ఇట్టివి కావు, కొద్దిభాగమే. కాని ఇంటిలో ఎవరికి ఏ వ్యాధి ఏ వయస్సున వచ్చినదో తెలియనిచో ఆ కొద్దిభాగమును గుర్తించుట ఎట్లు? ఆ స్త్రీ చెప్పినది గనుక వైద్యశాస్త్రమునకు దారి దొరకినది. "కడుపులో గడ్డ" అని చెప్పియున్నచో దొరకెడిది కాదు.

వైద్యులు చెప్పు నియమము స్పష్టముగా ఉన్నది. తల్లి, తండ్రి, తోబుట్టువు, బిడ్డ వీరిలో ఒకరికి అరువదేండ్లలోపు పెద్దప్రేగు క్యాన్సరు వచ్చినచో, తక్కినవారు నలుబదవ యేట గాని, రోగికి వ్యాధి బయటపడిన వయస్సునకు పదేండ్లు ముందుగా గాని, ఏది ముందైన అప్పుడు కొలనోస్కోపీ చేయించుకొనవలెను.

సిగ్గు విషయమున మనకు ఆదర్శము కావలెనన్న దూరము పోనక్కరలేదు. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు, తన 89 ఏండ్ల వయస్సున, పత్రికలవారిని తానే పిలిచి తన ఉదరమున క్యాన్సరు బయటపడినదని చెప్పినారు. 2014 జనవరి 22న మరణించినారు. అర్ధశతాబ్దికి పైగా తెరపై అందగాడుగా వెలుగొందిన మనిషి తన కడుపులోని వ్యాధిని తన నోట చెప్పుట మాకు ఆయన నటించిన ఏ పాత్రకంటె తక్కువగా కనబడలేదు. మన స్త్రీలకు పరపురుషుడైన వైద్యుని ఎదుట ఈ ప్రసక్తి తెచ్చుట కష్టమని మేము ఎరుగుదుము. మలపరీక్ష తన ఇంట, తన చేతితో, తలుపు వేసికొని చేసికొనునది, ఎవరును చూడనక్కరలేదు. మలము నాపాకీ గదా యని సంశయించువారు చేతులు కడిగికొని వజూ చేసికొన్నచో సరిపోవును.

కళాశాల కార్యవర్గమువారికి ఒక మనవి. ఏటేట జరుగు ఆరోగ్యశిబిరమున రక్తపుపోటు, చక్కెర చూచుచున్నాము. 45 దాటిన సిబ్బందికిని, విద్యార్థుల తలిదండ్రులకును ఈ మలపరీక్ష గొట్టములను కూడ ఇప్పించినచో ఖర్చు భారము కాదు. అయితే ఒక షరతు. రక్తము కనబడినవారికి కొలనోస్కోపీ జరుగునట్లు ఏదైన ఆసుపత్రితో ముందుగనే మాట్లాడుకొనవలెను. ఆ ఏర్పాటు లేని శిబిరము వారికి భయమును మాత్రము పంచిపెట్టును.

ఆ బాలుని ప్రశ్నకు మేము చెప్పిన జవాబు: "పేరు పెట్టి చెప్పు. అబ్బాకు పెద్దప్రేగు క్యాన్సరు వచ్చినది, 49వ యేట, అని చెప్పు." అతడు మొదట తన మేనత్తకు చెప్పినాడు. ఆమె వయస్సు 46. ఏ బాధయు లేదు. "నాకేమి రోగము?" అని రెండు నెలలు త్రోసిపుచ్చినది. మూడవ నెలలో మేనల్లుడు తానే పేరు వ్రాయించి, వైద్యురాలు ఉన్నచోట కొలనోస్కోపీకి తీసికొనిపోయినాడు. రెండు పాలిప్పులు కనబడినవి, పెద్దది సెనగగింజంత. రెంటిని అప్పుడే తీసివేసినారు. పరీక్షకు పంపగా రెండును అడినోమాలే యని, క్యాన్సరు లేదని వచ్చినది. అయిదేండ్లకు మరల రమ్మన్నారు. సాయంకాలమే ఇంటికి వచ్చి ఖిచిడి తిన్నదట.

ఆ బాలునికి ఇప్పుడు ఇరువది యేండ్లు. తన 39వ యేడు ఏ సంవత్సరమున వచ్చునో లెక్కకట్టి, ఆ సంఖ్యను తన తెలుగు నోటుపుస్తకము వెనుకటి అట్టపై వ్రాసికొన్నాడు. పరీక్షపత్రములు దిద్దునప్పుడు మేము దానిని చూచినాము.